పుట్టింటి కొలత

ఆఫీసులో ఆవిడకి పెట్టిన పేరు గీతలావిడ. ఎదురుపడి అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ ఆవిడకి ఆ సంగతి తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆవిడ చేసిన పనంతా గీతలు చూడడమే మరి. కెమెరాలకీ, ఆసుపత్రి యంత్రాలకీ లెన్సులు తయారుచేసే కంపెనీలు సరుకు బయటికి వదిలేముందు వాటిని పరీక్షకి పంపుతాయి. అలాంటి పరీక్షలు చేసే ల్యాబు అది. నల్లగీత, పక్కన తెల్లగీత, మళ్ళీ నల్లగీత, ఇలా సన్నసన్నగా గీసిన గాజుపలక, కొలతలు తీసే పొడవాటి బెంచీకి ఒక చివర ఉంటుంది. మధ్యలో లెన్సు బిగిస్తారు. లెన్సులోంచి వచ్చిన బొమ్మలో నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా ఎంతవరకు నిలబడింది, ఎక్కడ రెండూ కలిసి బూడిదరంగు ముద్దయిపోయింది, అదీ కొలవాలి. నడిమధ్యన కొలవాలి, కుడి అంచున కొలవాలి, ఎడమ అంచున కొలవాలి. పని అంతే. చెప్పడానికి అంతే గానీ, చేసేవాళ్ళకి తల ప్రాణం తోకకొస్తుంది.

గదిలో దీపం ఉండకూడదు. ఫ్యాను తిరగకూడదు. పక్కగదిలో ఎవరైనా బల్ల జరిపితే కొలత వణుకుతుంది. గీతలావిడ బెంచీ దగ్గర కూర్చుందంటే ఆ వరండాలో మేనేజరు కూడా చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సిందే. "మా పెద్దకోడలికి చీకట్లో ఊరికే కూర్చున్నందుకు జీతమిస్తారు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. మెచ్చుకోలో ఎత్తిపొడుపో అన్న అత్తగారికీ తెలిసేది కాదు.

ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్ళు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, పెద్దాడు కింద, చిన్నాడు మేడమీద. వంటిల్లు మాత్రం కిందే, ఒక్కటే. చిన్నకోడలు కాపురానికొచ్చిన కొత్తలో ఏ పనీ తోచక కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంటే గీతలావిడకి కడుపు తరుక్కుపోయింది. చదువుకున్న పిల్ల. చురుకైన పిల్ల. "ఎందుకే ఇలా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటావు, నాతో రా" అని సెలవురోజుల్లో ల్యాబుకి తీసుకెళ్ళి, చేయి పట్టుకుని పని నేర్పింది. లెన్సుని ఎలా పట్టుకోవాలి, ఎలా బిగించాలి, బొమ్మ ఎక్కడ పదునుగా నిలుస్తుందో ఎలా వెతుక్కోవాలి, అన్నీ. ఒకసారి చిన్నది విసుగుపుట్టి కుడిపక్క మాత్రమే కొలిచి, ఎడమపక్కకి కూడా అదే అంకె వేసేసింది. ఈ పనిలో బద్ధకస్తులంతా చేసే దొంగపని అదే. మంచి లెన్సుకి రెండుపక్కలూ ఒకేలా ఉంటాయి కదా, ఎవరికి తెలుస్తుందిలే అని. గీతలావిడకి తెలిసిపోయింది. లెన్సు ఊడదీసి, మళ్ళీ బిగించి, "మొదట్నించీ కానీ" అంది. చిన్నది ముఖం ముడుచుకుని మళ్ళీ చేసింది. ఆ తర్వాత ఊరికి అవతలివైపున్న ఇంకో ల్యాబులో మనిషి కావాలంటే గీతలావిడే వెళ్ళి, "మా తోడికోడలు, నా చేతికింద నేర్చుకుంది" అని హామీ ఇచ్చి చేర్పించింది. టెంపరరీ ఉద్యోగమే గానీ, పర్మనెంటు చేస్తామని ఆశపెట్టారు.

సొంత చెల్లెలు లేని మనిషి ఆవిడ. చిన్నది "అక్కా" అని పిలిస్తే చేతిలో పని వదిలేసి తిరిగి చూసేది. చూసినవాళ్ళు వీళ్ళు తోడికోడళ్ళా, ఒక కడుపున పుట్టారా అనుకునేవాళ్ళు.

ఇలాంటి ల్యాబులు మొత్తం ఐదున్నాయి. ఎవరి బెంచీ వాళ్ళకి ముద్దే. అందుకే అప్పుడప్పుడూ ఒక పరీక్ష పెట్టుకునేవాళ్ళు. ఒకే ఒక్క లెన్సుని తీసుకుని ఐదు ల్యాబుల చుట్టూ తిప్పుతారు. అందరూ అదే లెన్సుని కొలుస్తారు. ఎవరికి ఎంతొచ్చిందో ఎవరికీ చెప్పకూడదు. చివర్న అన్నీ ఒకేచోట పరిచి చూస్తారు. అన్నీ కలిస్తే అందరూ బాగా కొలుస్తున్నట్టు. ఒకటి విడిగా నిలబడితే ఆ బెంచీలో తేడా ఉందన్నమాట, లేదా ఆ బెంచీ మీద కూర్చున్న మనిషిలో. దీనంతటికీ పెద్ద ఒక రిటైరైన ఫిజిక్సు మాస్టారు. అందరూ పెద్దాయన అంటారు. లెన్సుని డబ్బాలో పెట్టుకుని, బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఒక ల్యాబు నుంచి ఇంకో ల్యాబుకి ఆయనే మోసుకెళ్ళేవాడు. పసిపిల్లని కూడా అంత భద్రంగా ఎవరూ తీసుకెళ్ళరు.

ఇందులో ఒక ముఖ్యమైన కట్టుబాటు ఉంది. లెన్సు ఏ ల్యాబులో బయలుదేరిందో, అందరిళ్ళూ తిరిగాక మళ్ళీ అక్కడికే రావాలి. వచ్చి రెండోసారి కొలిపించుకోవాలి. వెళ్ళినప్పుడెలా ఉందో వచ్చినప్పుడూ అలాగే ఉంటే దారిలో దానికేమీ కాలేదని లెక్క. దీన్ని పెద్దాయన పుట్టింటి కొలత అనేవాడు. "అత్తారిళ్ళన్నీ తిరిగొచ్చిన పిల్లని తల్లి ఓసారి తేరిపార చూసుకోవద్దూ?" అని నవ్వేవాడు. ఈసారి లెన్సు పుట్టిల్లు గీతలావిడ బెంచీ. రెండో మజిలీ చిన్నదాని ల్యాబు.

గీతలావిడ తన వంతు కొలిచింది. చక్కని లెన్సు. కుడీ ఎడమా అద్దంలో చూసుకున్నట్టు ఒకేలా ఉన్నాయి. డబ్బాలో పెట్టి పెద్దాయన చేతికిస్తుంటే ఆవిడకి ముచ్చటేసింది.

ఇక ఇంట్లో తమాషా మొదలైంది. ఫలితాలు తెరిచేదాకా మాట్లాడుకోకూడదు కదా. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరూ. ఒకరు కూర తరుగుతారు, ఇంకొకరు తిరగమోత వేస్తారు, లెన్సు మాట మాత్రం ఎత్తరు. అత్తగారు "నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానే?" అంటే, "ఇంట్లో అద్దాల మాట ఎత్తకూడదత్తయ్యా, రూలు!" అని గీతలావిడ అనేది. పడీపడీ నవ్వుకునేవాళ్ళు. ఆ కట్టుబాటంటే గీతలావిడకి ప్రాణం. తన తోడికోడలు కూడా దాన్ని అంత నిష్ఠగా పాటిస్తుంటే గర్వంగా ఉండేది. పిచ్చితల్లి!

లెన్సు చిన్నదాని ల్యాబుకి చేరిన వారంలోనే ఆ పిల్ల తీరు మారింది. నవ్వులు తగ్గాయి. తలనొప్పి అని మేడమీదకే పళ్ళెం తెప్పించుకుంది. మర్నాడు పొద్దున్నే గీతలావిడ లేచేసరికి వంటంతా అయిపోయి ఉంది, టిఫిను డబ్బా కూడా కట్టి పెట్టి ఉంది. "ఇదేమిటే, నా పని కూడా నువ్వే చేసేశావు?" అంటే, "నీకు రెస్టక్కా" అంది, ఇటు తిరక్కుండానే. పని ఒత్తిడి కాబోలు అనుకుంది గీతలావిడ. ఏమైందే అని అడగబోయి, అడిగితే లెన్సు మాట దొర్లుతుందేమో అని నోరు కట్టేసుకుంది. ఏ ఇద్దరు మామూలు తోడికోడళ్ళయినా ఆ పూటే కూర్చోబెట్టి, కడుపులో ఉన్నదంతా కక్కించేవాళ్ళు. వీళ్ళకి రూలు అడ్డొచ్చింది. ఆ రూలు చాటునే చిన్నది హాయిగా దాక్కుంది.

లెన్సు మూడో చోటికీ, నాలుగో చోటికీ, ఐదో చోటికీ వెళ్ళింది. పుట్టింటికి మాత్రం రాలేదు. గీతలావిడ బెంచీ తుడిచి పెట్టుకుని ఎదురుచూస్తుండగానే ఫలితాల మీటింగుకి రమ్మని పిలుపొచ్చింది. "అదేమిటండీ, లెన్సు నా దగ్గరికి రానేలేదు?" అని మేనేజరుని అడిగింది. "టైము చాలలేదేమోనండీ, పెద్దాయన ఇష్టం" అన్నాడాయన. ఆవిడకి మనసులో ముల్లులా గుచ్చుకుంది గానీ, సరే, తన కొలత మీద తనకి నమ్మకముంది కదా అని వెళ్ళింది.

మీటింగు గదిలో తెర మీద బొమ్మ వేశారు, ఒక్కో ల్యాబు కొలతకి ఒక్కో గీత. లెన్సు నడిమి భాగం గురించి అందరి గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కుడిపక్కా అంతే. ఎడమపక్క బొమ్మ వచ్చేసరికి నాలుగు గీతలు గుంపుగా కిందకి జారిపోయి ఉన్నాయి. ఒక్క గీత మాత్రం పైన విడిగా నిలబడింది. అది ఎవరిదో కింద రాసుంది. గీతలావిడది. నాలుగు ల్యాబులూ ఎడమపక్క పదును సగానికి సగం పోయిందంటున్నాయి. ఈవిడొక్కత్తే కుడీ ఎడమా సమానం అంటోంది.

అక్కడున్న ప్రతివాడికీ తట్టింది ఒకటే. కుడిపక్క కొలిచి, ఎడమపక్కకి అదే వేసేసింది. మూడోవరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఒక్కోసారి జరుగుతుందమ్మా" అన్నాడు మెల్లిగా. జాలిపడ్డాడు. ఆ జాలికి ఆవిడకి తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది.

"నేను రెండుపక్కలా కొలిచానండీ. చూడండి, రెండూ అచ్చంగా ఒకటే కాదు, వెంట్రుకవాసి తేడా ఉంది" అంది. మేనేజరు నేల చూపులు చూస్తూ, "వెంట్రుకవాసి తేడా పెట్టడం ఎంతసేపండీ" అన్నాడు. ఇన్నేళ్ళు ఆవిడ గది ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన మనిషి!

ఆవిడ చిన్నదానికేసి చూసింది. చిన్నది గోడవైపు కూర్చుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. తలెత్తలేదు. పాపం, నన్ను చూసి బాధపడుతోంది అనుకుంది గీతలావిడ. నిజంగానే అలా అనుకుంది.

టీకి లేచినప్పుడు పెద్దాయన్ని వరండాలో పట్టుకుంది. "మాస్టారూ, నాలుగు ల్యాబులూ తప్పు కొలిచాయని నేననడం లేదు. లెన్సు నా దగ్గర్నించి వెళ్ళాక దానికేదో అయింది. లోపలి గాజు పక్కకి ఒరిగితేనే ఇలా ఒకవైపు పోతుంది. అందుకే కదా మనం పుట్టింటి కొలత పెట్టుకుంది. ఒక్కసారి వెనక్కి తెచ్చి ఉంటే తెలిసిపోయేది కదండీ. ఎందుకు తేలేదు?"

పెద్దాయన విస్తుపోయి చూశాడు. "అదేమిటమ్మా, వద్దన్నది నువ్వే కదా!"

"నేనా?"

"ఆదివారం పొద్దున నీ ఫోనుకి చేశాను. మీ తోడికోడలు ఎత్తింది. నువ్వు మేడమీద బట్టలారేస్తున్నావంది. రేపు లెన్సు తెస్తానని చెప్పమన్నాను. అడిగి చెప్తానని పెట్టేసి, కాసేపాగి తనే చేసింది. మా అక్క బెంచీ రిపేరుకి విప్పారు, ఇప్పట్లో కుదరదు, తన కోసం ఆపొద్దు, ఫలితాలు తెరిచేయమంది అని చెప్పింది. నీ ఫోను నుంచే కదమ్మా. మీ ఇంటి పిల్లే కదా అని నేను మళ్ళీ అడగలేదు."

ఆ ఆదివారం గీతలావిడకి బాగా గుర్తుంది. తడిబట్టల బకెట్టు మోసుకుని మేడెక్కుతుంటే చిన్నది ఎదురొచ్చి, "నేను మోస్తానుండక్కా" అని బకెట్టు అందుకుంది. పైదాకా మోసిపెట్టి, మళ్ళీ కిందకి దిగింది. ఎంత మంచిపిల్ల అనుకుంటూ ఈవిడ దుప్పట్లు దులిపి ఆరేసుకుంది. సరిగ్గా అప్పుడే చిన్నది కింద వంటింట్లో ఈవిడ ఫోనులోంచి, ఈవిడ పేరు మీద, ఈవిడ గొంతు కోసేసింది.

ఎవరైనా అయితే ఏం చేస్తారు? మీటింగులోకి దూసుకెళ్ళి ఆ పిల్ల జుట్టు పట్టుకుంటారు. గీతలావిడ నోరు తెరిచింది. తెరిస్తే ఏమొచ్చింది? "అవునండీ... మర్చిపోయాను" అని వచ్చింది. ఎందుకలా అందో ఆవిడకే తెలీదు. ఇంటి పిల్ల తప్పు చేస్తే పరాయివాళ్ళ ముందు కప్పేయడం అలవాటైపోయిన నోరు అది.

మర్నాడు మేనేజరు పిలిచి, ఇక నుంచి పార్సిళ్ళ గదిలో కూర్చోమన్నాడు. బెంచీ మీద వేరే ఆయన్ని వేశారు. వచ్చిన పెట్టెలు విప్పడం, వెళ్ళే పెట్టెలకి టేపు వేయడం, ఇదీ పని. కంపెనీలవాళ్ళు ఆవిడ కొలిచిన పాత లెన్సుల గురించి కూడా ఆరా తీయడం మొదలెట్టారు. ఆవిడ బాధ జీతం గురించి కాదు, కుర్చీ గురించీ కాదు. ఫలానా ఆవిడ కొలిచిందంటే ఇక చూడక్కర్లేదు అనే మాట ఒకటుండేది. ఆవిడకి ఈ లోకంలో ఉన్న ఆస్తల్లా ఆ మాటే. అది పోయింది. ఎలా తెచ్చుకోవాలో ఆవిడకి తెలుసు, తెస్తే ఎవరు పోతారో కూడా తెలుసు.

ఆ సాయంత్రం వంటింటి తలుపు దగ్గరగా వేసి, చిన్నదాన్ని ఎదురుగా నిలబెట్టింది.

"లెన్సు పడేశావా?"

చిన్నది అబద్ధమాడలేదు. ఒక్కసారిగా ఏడ్చేసింది. "బిగిస్తుంటే మోచెయ్యి తగిలిందక్కా. ఎత్తు నుంచి కూడా కాదు, బల్ల మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కిందకి. పైన చిన్న గీత కూడా పడలేదు. హమ్మయ్య అనుకుని కొలిస్తే ఎడమపక్క మొత్తం పోయింది. ఎవరూ చూడలేదు. నేను కొలిచింది అబద్ధం కాదక్కా, ఉన్నదున్నట్టే పంపాను."

"అప్పుడే పెద్దాయనకి చెప్తే ఏమయ్యేదే? అయ్యో అని ఇంకో లెన్సు తెచ్చేవాడు."

"ఆయనకేం, తెస్తాడు. మా ల్యాబువాళ్ళు ఊరుకుంటారా? పరీక్ష లెన్సు పడేసిన మనిషిని పర్మనెంటు చేస్తారా? అక్కా, నీకు పెద్ద ఉద్యోగం, మంచి పేరు. ఒక్కసారి తేడా వస్తే నీకేమవుతుందిలే అనుకున్నా. ఇంతవరకూ వస్తుందనుకోలేదు, ఒట్టు."

నీకేమవుతుందిలే! గీతలావిడ పీట మీద కూలబడింది. "నాకేమీ కాదని నువ్వు చూసుకుని చేశావా? నన్ను అందరూ దొంగకొలతల మనిషని చూస్తుంటే పక్కనే కూర్చుని పెన్ను మూత పెట్టుకున్నావు కదే."

చిన్నది పాదాల దగ్గర చతికిలపడి మోకాళ్ళు పట్టుకుంది. "నేనే చెప్తానక్కా. పెద్దాయనకి నేనే చెప్పేస్తా. కాస్త టైమివ్వు. పర్మనెంటు కాగితం చేతికొచ్చిన మర్నాడే చెప్తా."

గీతలావిడ ఇచ్చింది. ఇంత జరిగాక కూడా ఇచ్చింది, ఏమనాలి ఆవిణ్ణి! పార్సిళ్ళ గదిలో టేపు చింపుతూ ఎదురుచూసింది. చిన్నదాని ఉద్యోగం పర్మనెంటైంది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. అత్తగారు అందరి ముందూ, "చిన్నది పైకొచ్చేస్తోంది, పెద్దది పార్సిళ్ళు కట్టుకుంటోంది" అంది. చిన్నది వింది. విని, నవ్వేసి, మంచినీళ్ళు తాగింది. మర్నాడు చెప్పలేదు, ఆ మర్నాడూ చెప్పలేదు. అడిగితే, "ఆయన ఊళ్ళో లేరట" అనేది. తర్వాత్తర్వాత గీతలావిడ వంటింట్లోకి వస్తే ఏదో పనున్నట్టు మేడెక్కేసేది.

అప్పుడు గీతలావిడ తనే పెద్దాయనకి ఫోన్ చేసింది. ఎవరి పేరూ ఎత్తలేదు. "మాస్టారూ, నా బెంచీ బాగానే ఉంది. పుట్టింటి కొలత మిగిలిపోయింది. ఒక్కసారి లెన్సు తీసుకురండి. నాకు ఎడమపక్క బాగున్నట్టే మళ్ళీ వస్తే నా బెంచీలోనో నాలోనో తప్పున్నట్టు. నేను ఇంటికి వెళ్ళిపోతాను" అంది.

పెద్దాయన వచ్చాడు, ఒళ్ళో డబ్బాతోనే. ఐదు ల్యాబుల నుంచీ ఒక్కొక్కళ్ళని కూడా రమ్మన్నాడు. అందరి కళ్ళముందూ జరగాలని ఆయన ఉద్దేశం. చిన్నదాని ల్యాబు నుంచి చిన్నదే వచ్చింది.

దీపం తీసేముందు గీతలావిడ చేతులు కడుక్కోవడానికి వరండా చివర్న కుళాయి దగ్గరికి వెళ్ళింది. వెనకాలే చిన్నది వచ్చింది. ముఖం తేటగా ఉంది. ఏ బెంగా లేదు. తడిచేయి పట్టుకుని, "మంచి పని చేశావక్కా" అంది గుసగుసగా. "లెన్సు దారిలో ఎక్కడో పాడైందని తేలిపోతుంది. నీ పేరు నీకొచ్చేస్తుంది. బస్సులోనో ఎక్కడో అనుకుంటారు. ఎక్కడని ఎవరు చెప్పగలరు? నువ్వు చెప్పవని నాకు తెలుసు. ఆ రోజు ఫోనులో ధైర్యంగా నీ పేరు చెప్పింది కూడా అందుకేగా. వేరే ఎవరి పేరు వాడినా నన్ను పట్టించేసేవాళ్ళు. నువ్వయితే కడుపులో పెట్టుకుంటావు."

ప్రేమగానే అంది. చేయి నిమురుతూ అంది.

గీతలావిడ కుళాయి కట్టేసింది. ఇంతవరకూ ఆవిడ అనుకుంటున్నది వేరు. చిన్నపిల్ల, భయపడింది, భయంలో ఎదురుగా ఎవరుంటే వాళ్ళని తోసేసింది అనుకుంది. భయం కాదు. వెతికి ఎంచుకుంది. ఇన్నేళ్ళు ఈవిడ పెట్టుకున్న ప్రేమ ఎంత బరువు మోయగలదో లెక్క చూసుకుని మరీ ఎత్తింది. పని నేర్పిన చేయీ, హామీ ఇచ్చిన నోరూ, అన్నీ అందులోకి పనికొచ్చాయి.

లోపలికెళ్ళి లెన్సు బిగించింది. మధ్యన కొలిచింది, కుడిపక్క కొలిచింది. అందరూ చూస్తుండగా ఎడమపక్క కొలిచింది. తెర మీద గీత జారిపోయింది. తక్కిన నాలుగు గీతల పక్కకే, ఆ గుంపులోకే వెళ్ళి పడింది. పెద్దాయన పెద్దగా నిట్టూర్చాడు. "ఈ బెంచీలో ఏ దోషమూ లేదు. ఈ అమ్మాయిలోనూ లేదు. లెన్సు బయలుదేరినప్పుడు బాగుంది, తర్వాత దెబ్బ తింది" అన్నాడు. మేనేజరు ముందుకొచ్చి ఆవిడ కుర్చీ సర్దాడు. దీపం వేశారు.

"తల్లీ, నీకు నేను అన్యాయం చేశాను" అన్నాడు పెద్దాయన. తర్వాత డబ్బా మూత అటూ ఇటూ తిప్పి చూస్తూ, "ఒళ్ళోంచి దించలేదే... ఇదెక్కడ జరిగి ఉంటుంది? నా చేతిలోనే జరిగిందేమో. వయసు మీదపడింది. ఇక ఈ పని వేరేవాళ్ళకి అప్పగించాలేమో" అన్నాడు.

చిన్నది గోడకి ఆనుకుని నిలబడి ఉంది, సొంత ఇంట్లో నిలబడినంత నిశ్చింతగా.

"మీ చేతిలో కాదు మాస్టారూ" అంది గీతలావిడ. "నా దగ్గర్నించి వెళ్ళాక రెండోచోట పడింది. పడేసింది మా చిన్నది. నాతో తనే ఒప్పుకుంది. నా బెంచీ ఎప్పుడూ రిపేరుకి విప్పలేదు. లెన్సు తేవద్దని నేను చెప్పలేదు. ఆ రోజు మీరడిగితే మర్చిపోయానన్నాను, అదీ అబద్ధమే."

గదిలో ఫ్యాను కూడా తిరగడం లేదు కదా, ఆ మాటలు గోడలకి తగిలి మళ్ళీ వినిపించాయి. చిన్నది మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత కళ్ళు పెద్దవయ్యాయి, నీళ్ళతో నిండిపోయాయి. దొంగ ఏడుపు కాదది. లోపల్నించి తన్నుకొచ్చిన ఏడుపు.

"అక్కా! ఇంత మోసం చేస్తావా?" అంది. "నిన్నెంత నమ్మాను!"

ఆ పిల్ల ఉద్యోగం పోయింది. గీతలావిడ బెంచీ గీతలావిడకి వచ్చింది. మేనేజరు మళ్ళీ చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. చిన్నాడు మేడమీద వేరే పొయ్యి పెట్టించుకున్నాడు. అత్తగారు ఇంటి గుట్టు పదిమందిలో పెట్టిన కోడలని పెద్దకోడలితో మాట్లాడ్డం మానేసి, నాలుగు మెట్లెక్కితే ఆయాసమొచ్చే మనిషి, భోజనానికి మేడమీదకి వెళ్తోంది. జరిగింది ఇదీ అని చెప్పబోతే భర్త కూడా, "నిజమేలే, కానీ అందరి ముందూ చెప్పాలా?" అన్నాడు.

అవన్నీ ఆవిడ ఎలాగో దిగమింగుకుంది. మింగుడుపడనిది ఒక్కటే. ఆ రోజు బెంచీ పక్కన నిలబడి చిన్నది అన్న మాట నటన కాదు. మోసపోయింది తనేనని ఆ పిల్ల మనసా వాచా నమ్మి అంది.